సన్మానం సరే, హక్కు మాటేమిటి?

2025 అక్టోబరులో విశాఖపట్నం క్రికెట్ స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు మన రాష్ట్రపు వికెట్ కీపర్ రావి కల్పన పేరు పెట్టారు. ఆ మరుసటి నెల 2వ తేదీన భారత మహిళల జట్టు వన్డే ప్రపంచ కప్పు గెలిచింది. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు రెండున్నర కోట్ల రూపాయలు, కడపలో ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. రాయలసీమ ఆడపిల్లకు ఇంతటి గౌరవం దక్కినందుకు అందరిలాగే నేనూ సంతోషించాను. అయితే చప్పట్లు ఆగిన తర్వాత కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. క్రీడల్లో ఎవరిని గౌరవించాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? ఏ పనిని పనిగా లెక్కిస్తున్నారు? ఆ గౌరవం హక్కుగా వస్తోందా, పాలకుల దయగా వస్తోందా?

దూరం పోనవసరం లేదు. తిరుపతికి దగ్గర్లో ఎర్రావారిపాలెం మండలం ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోకముందు అది చిత్తూరు జిల్లాలోది, ఇప్పుడు తిరుపతి జిల్లాలోది. ఆ మండలంలోని ఎనుములవారిపల్లెలో వడ్రంగి పని చేసుకునే కుటుంబంలో పుట్టిన ఇ. రజని భారత మహిళల హాకీ జట్టుకు గోల్ కీపర్ అయింది. 2017 ఆసియా కప్పు గెలిచిన జట్టులో, 2018 ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన జట్టులో, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులో ఆమె ఉంది. జట్టుకు ఐదుగురేసి ఆడే హాకీ పద్ధతిలో 2024 జనవరిలో మస్కట్‌లో ప్రపంచ కప్పు జరిగితే భారత జట్టుకు నాయకత్వం వహించింది ఆమే. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో ఓడి ఆ జట్టు రెండో స్థానంలో నిలిచింది. మన పల్లె నుంచి పోయిన ఒక ఆడపిల్ల ప్రపంచ కప్పు ఫైనల్లో దేశానికి కెప్టెన్. ఈ సంగతి మన జిల్లాలో ఎంతమందికి తెలుసు? మన పిల్లల పాఠాల్లో ఎక్కడైనా ఉందా?

రజని ఎక్కువ కాలం సవితా పునియా తర్వాతి గోల్ కీపర్‌గానే ఉంది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మన జట్టు బ్రిటన్‌తో 3-4 తేడాతో ఓడి నాలుగో స్థానంలో ఆగినప్పుడు కూడా ఆమె పని అదే. అవసరమైతే దిగడానికి సిద్ధంగా ఉండాలి. అదే సాధన, అదే క్రమశిక్షణ, అవే దెబ్బలు, ఇంటికి దూరంగా అవే నెలలు. కానీ స్కోరు కార్డులో పేరు కనిపించదు. ఈ రకమైన పని మనకు కొత్త కాదు. ఇంట్లో, పొలంలో, ఆసుపత్రిలో ఆడవాళ్ళు చేసే పనిలో సగం ఇలాంటిదే. అది జరిగినంత కాలం ఎవరి కంటా పడదు, ఆగిపోయిన రోజే లోకానికి తెలుస్తుంది. గోల్ కొట్టినవారినే లెక్కించే గౌరవ పట్టిక ఈ పనిని ఎప్పటికీ చూడలేదు.

టోక్యో నుంచి వచ్చిన తర్వాత 2021 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి రజనిని సన్మానించారు. 25 లక్షల నగదు, తిరుపతిలో వెయ్యి గజాల స్థలం, నెలకు 40 వేల రూపాయలు, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించారు. మంచిదే. కానీ అదే రోజు ఇంకొక ఆదేశం కూడా వెలువడింది. గతంలో ప్రకటించి చెల్లించకుండా ఉంచిన 67.5 లక్షల రూపాయల బకాయి వెంటనే విడుదల చేయమని. చూడండి, శాలువా కప్పిన నాడు పత్రికల్లో ఫొటో వచ్చింది. డబ్బు మాత్రం ఏళ్ళ తరబడి కాగితాల్లోనే ఉండిపోయింది. ఏ పార్టీ ప్రభుత్వం అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ప్రకటించిన మొత్తం ఇన్ని రోజుల్లో చేరాలన్న నియమం లేనంత కాలం క్రీడాకారిణి కూడా ఆఫీసుల చుట్టూ తిరిగే వితంతు పింఛనుదారు లాంటిదే.

ఇక పురస్కారాల పేర్లు చూద్దాం. 1961లో అర్జున, 1985లో ద్రోణాచార్య పురస్కారాలు మొదలయ్యాయి. మిగతావాటికి టెన్జింగ్ నార్గే పేరు, ధ్యాన్‌చంద్ పేరు, మౌలానా ఆజాద్ పేరు పెట్టారు. వీరంతా గొప్పవారే. అయినా జాతీయ క్రీడా పురస్కారాల్లో ఒక్కదానికైనా స్త్రీ పేరు లేదు. అర్జునుడు మత్స్యయంత్రం కొట్టిన పోటీలో బహుమతి ఎవరు? ద్రౌపది. ద్రోణుడు ఎవరి బొటనవేలు అడిగాడు? అడవిబిడ్డ ఏకలవ్యుడిది. ఆడది బహుమతిగా ఉన్న కథ నుంచి, కింది కులాలవాడికి విద్య నిరాకరించిన కథ నుంచి పేర్లు తెచ్చి ఆటగాళ్ళకూ గురువులకూ పెట్టుకున్నాం. ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు! అర్జున పురస్కారం మొదటి ఏడాదే హాకీ క్రీడాకారిణి ఆన్ లమ్స్‌డెన్‌కు దక్కింది. ఆడడానికి స్త్రీ పనికివస్తుందని 1961లోనే ఒప్పుకున్నారన్నమాట. నేర్పడానికి కూడా పనికివస్తుందని ఒప్పుకోవడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. 2002లో అథ్లెటిక్స్ శిక్షకురాలు రేణు కోహ్లీకి వచ్చేవరకూ ద్రోణాచార్య పురస్కారం ఏ స్త్రీకీ రాలేదు.

మైకు ముందు మాట్లాడే స్త్రీల సంగతీ అంతే. భారత జట్టు మొదటి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు తెలుగువాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆయన పేరిట ట్రోఫీ ఉంది, క్రికెట్ బోర్డు జీవిత సాఫల్య పురస్కారం ఉంది. ఆయన కూతురు చంద్రా నాయుడు 1970ల్లోనే క్రికెట్ వ్యాఖ్యానం చెప్పింది. దేశంలో ఆ పని చేసిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పింది, తండ్రి మీద పుస్తకం రాసింది, 2021లో చనిపోయింది. తండ్రి పేరు తెలిసినవాళ్ళలో కూతురి పేరు విన్నవాళ్ళు ఎందరు?

నేను చదువుకున్న పల్లె బడిలో ఆటల పీరియడు ఉండేది. మగపిల్లలకు బంతి ఇచ్చి మైదానంలోకి తోలేవారు. మేము వేపచెట్టు కింద కూర్చుని కుట్లు, అల్లికలు. ఎందుకని అడిగితే, రేపు అత్తారింట్లో హాకీ ఆడతావా అన్నారు. ఆ మాట అన్నది చెడ్డ మనిషేమీ కాదు, మా మేలు కోరేవారే. ఆడపిల్ల శరీరం ఆమెది కాదు, రేపటి అత్తవారిది అనే నమ్మకం అంత సహజంగా ఉండేది. పదిమందిలో నిక్కరు వేసుకుని పరుగెత్తడానికే అనుమతి కావాల్సిన చోట నుంచి ఒక రజని బయటికి వచ్చిందంటే, రాలేకపోయినవాళ్ళు ఎందరో ఊహించుకోవచ్చు. మైదానం పక్కన మరుగుదొడ్డి లేక, నెలసరి రోజుల్లో చెప్పుకునేందుకు ఆడ వ్యాయామోపాధ్యాయిని లేక, సాయంత్రం సాధన తర్వాత ఊరికి బస్సు లేక ఆటమానేసిన పిల్లలు ఏ గౌరవ పట్టికలోకీ ఎక్కరు.

భద్రత లేని గౌరవం ఎందుకు కొరగాదో కూడా మనం చూశాం. 2023లో మహిళా మల్లయోధులు లైంగిక వేధింపుల మీద న్యాయం కోసం ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్నారు. ఆ ఏడాది డిసెంబరులో వినేశ్ ఫోగట్ తన ఖేల్ రత్న, అర్జున పురస్కారాలను కర్తవ్య పథ్ మీద వదిలిపెట్టి వెళ్ళింది. ఫిర్యాదు వినని చేతులు ఇచ్చిన పతకం ఆమెకు బరువైపోయింది. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం స్టేడియాలకూ, క్రీడా శిక్షణ సంస్థలకూ స్పష్టంగా వర్తిస్తుంది. జిల్లాకొక స్థానిక కమిటీ ఉండాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. ఈ సంగతి మైదానానికి వచ్చే ఆడపిల్లలకు ఎవరు చెబుతున్నారు?

తిరుపతిలో తారకరామ స్టేడియం ఉంది, ఇందిరా మైదానం ఉంది. రెండూ నాయకుల పేర్లే. ఆడినవారి పేర్లకు, నేర్పినవారి పేర్లకు, ఆటను జనానికి వినిపించినవారి పేర్లకు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఒక చోటు కావాలి. 1983 నుంచి ఇక్కడ ఒక మహిళా విశ్వవిద్యాలయమే ఉంది కదా. ఆ పని పద్మావతి విశ్వవిద్యాలయంలోనే మొదలుపెట్టవచ్చు. అయితే అది నాలుగు ఫొటోలు తగిలించిన గది కాకూడదు. ఎంపిక చేసే సంఘంలో సగం మంది స్త్రీలుండాలి, వాళ్ళలో ఆడిన అనుభవం ఉన్నవాళ్ళుండాలి. పతకాలతో పాటు పిల్లల్ని మైదానానికి తెచ్చిన ఉపాధ్యాయినుల పనినీ లెక్కించాలి. ప్రకటించిన నగదుకు గడువు పెట్టాలి, గడువు దాటితే సంజాయిషీ చెప్పాలి. ఏ మైదానంలోనైనా ఫిర్యాదు ఎవరికి చేయాలో గోడ మీద తెలుగులో రాసి ఉండాలి.

ఈ కోరికలు ప్రభుత్వం ముందు పెట్టే లోపు మనం చేయగల పని ఒకటుంది. మీ మండలంలో కబడ్డీ, ఖోఖో, హాకీ, వాలీబాల్ ఆడిన ఆడవాళ్ళు ఉన్నారు. ఈరోజు వాళ్ళు అంగన్‌వాడీలో ఉండవచ్చు, కూలికి పోతూ ఉండవచ్చు, మనవళ్ళను ఆడిస్తూ ఉండవచ్చు. వెళ్ళి అడగండి. వాళ్ళకు ఎవరు నేర్పారో, ఎందుకు మానేశారో వాళ్ళ మాటల్లోనే రాసి, వాళ్ళు సరేనంటే ఈ పత్రికకు పంపండి. పట్టిక అక్కడ మొదలుకావాలి.