ఈల మా జేబుల్లోనే ఉండిపోయింది

అశ్వారావుపేట నుంచి చర్ల దాకా అడవి అంచున ఏ గూడేనికి వెళ్లినా ఎక్కడో ఒకచోట వాలీబాల్ నెట్ కనబడుతుంది. రెండు గుంజలు పాతి, నెట్ బిగించి, సున్నం దొరక్కపోతే కర్రతోనే గీత గీసి ఆడేస్తారు. పోలీసులు ఏజెన్సీ కుర్రాళ్లకు పంచే కిట్లలో వాలీబాలే, పండగ పోటీల్లోనూ అదే. ఇంత ఆట ఉన్న చోట స్కూల్ పోటీలకు ఈల వేసేది మాత్రం ఏళ్ల తరబడి మేమే. ఖమ్మం, సత్తుపల్లి, కొత్తగూడెం నుంచి వెళ్లే వ్యాయామ టీచర్లం, అంటే పీఈటీలం, పీడీలం. గూడేల వాళ్లకు అంపైరింగ్ మీద ఆసక్తి లేదని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. ఆసక్తి పుట్టించే పని ఏం చేశామని ఎవరైనా అడిగితే నీళ్లు నమలాల్సిందే.

ముందు మా చదువు సంగతే ఒప్పుకోవాలి. రిఫరీ కావడానికి దారి ఉంది: రాష్ట్ర స్థాయి పరీక్ష, కొన్నేళ్ల మ్యాచ్‌లు, ఆపైన జాతీయ పరీక్ష. మాలో చాలామందిమి మొదటి మెట్టు మీదే కూర్చున్నాం, కొందరం అదీ ఎక్కలేదు. బీపీఈడీలో చదివిన రూల్స్‌తోనే లాగించాం. సీజన్ ముందు జరిపే ఒకరోజు ఓరియంటేషన్ అంటే సంతకం, సమోసా, టీ, సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. ఈలోపు ఆట మారిపోయింది. 15 పాయింట్ల సెట్ పోయి, ప్రతి ర్యాలీకీ పాయింట్ ఇచ్చే 25 వచ్చింది. 1998లో డిఫెన్స్‌కే పరిమితమైన ఆటగాడు, లిబెరో, వచ్చాడు. సర్వీస్ బంతి నెట్‌ను తాకి అవతల పడ్డా ఆట సాగుతుందని ఈ శతాబ్దం మొదట్లోనే రూల్ మారింది. ఆ తర్వాత కూడా బంతి నెట్‌ను తాకగానే అలవాటు కొద్దీ ఈల ఊదేసిన వాళ్లం మాలో ఉన్నాం. పిల్లలు బిత్తరపోయి చూస్తే, "రూల్ మాకు తెలుసు, పోయి ఆడండి" అన్నాం.

మొదటి రిఫరీ చూపు నెట్ పైఅంచు కంటే అర మీటరు ఎత్తున ఉండాలి. మేం క్లాసులోంచి మోయించిన బల్ల మీద ఊగుతూ నిలబడ్డాం. నెట్ ఎత్తు పురుషులకు 2.43 మీటర్లు, మహిళలకు 2.24 అని గడగడా అప్పజెబుతాం. కర్ర పెట్టి కొలిచింది తక్కువ, చెయ్యెత్తి చూసుకున్నదే ఎక్కువ. స్మాష్ పడ్డాక రెండో రిఫరీ కళ్లు బంతి వెంట పోకూడదు. నెట్ దగ్గరే, బ్లాకర్ చేతుల మీదా కాళ్ల మీదా ఆగాలి. ఇది ఉపన్యాసంతో వచ్చేది కాదు. కొత్తవాళ్లను పక్కన నిలబెట్టుకుని మ్యాచ్ మీద మ్యాచ్ ఊదిస్తేనే వస్తుంది. మేం ఎవరిని నిలబెట్టాం? మావాళ్లు తక్కువైన పూట ఆశ్రమ పాఠశాల పిల్లాడి చేతికి లైన్ జడ్జి జెండా ఇచ్చాం. వాడు ఔటని జెండా ఎత్తితే, కాదని మేమే చెయ్యి తిప్పేశాం. ఎందుకు కాదో మాత్రం వాడికి చెప్పలేదు.

స్కూల్ గేమ్స్‌లో ఇంకో జబ్బుంది. ఈల వేసేవాడే ఏదో ఒక జట్టుకు కోచ్ కూడా. నా జట్టు మ్యాచ్ నువ్వు ఊదు, నీ జట్టు మ్యాచ్ నేను ఊదుతా అన్నది మా మధ్య రాసుకోని ఒప్పందం. డబ్బులు చేతులు మారలేదు, అది నిజమే. మొహమాటాలు మారాయి. ఆశ్రమ పాఠశాల జట్టు వెంట చాలాసార్లు వచ్చేది వార్డెనో లెక్కల టీచరో. వాళ్లతో మాకు ఇచ్చిపుచ్చుకోవడాలేం ఉంటాయి?

ఒక జోనల్ మ్యాచ్ మా కబుర్లలో ఇప్పటికీ నవ్వులాటగానే వస్తుంది. అండర్-17 అబ్బాయిలు, ఆఖరి సెట్, ఆశ్రమ పాఠశాల జట్టు ముందుంది. అవతలి పీఈటీ "రొటేషన్ ఫాల్ట్!" అని అరుస్తూ కోర్టులోకి వచ్చేశాడు. సెట్ మొదలయ్యే ముందు రెండు జట్ల నుంచీ లైనప్ చీటీ తీసుకోవాలి. సర్వీస్ వరసను స్కోరర్ షీటులో చూసుకుంటూ ఉండాలి. మేం చీటీ తీసుకోలేదు. షీటుకు బదులు లాంగ్ నోట్‌బుక్‌లో గీతలు, ఐదో గీత అడ్డంగా. తప్పు ఎక్కడ మొదలైందో తేలితేనే ఆ తర్వాత ఆ జట్టు తెచ్చుకున్న పాయింట్లు తీసేయాలి. తేలకపోతే అవతలి జట్టుకు ఒక పాయింటు, సర్వీసు ఇచ్చి, వరస సరిచేసి ఆడించాలి. అసలు తప్పు జరిగిందో లేదో చెప్పే కాగితమే మా బల్ల మీద లేదు. అయినా అరిచినవాడి మాటే నెగ్గింది. పాయింట్లు కోసేశాం.

ఆశ్రమ పాఠశాల కెప్టెన్ కోయ పిల్లాడు. స్టాండ్ కిందికొచ్చి నిలబడితే తెలుగులో రెండు మాటలే పెగిలాయి. తెలుగు బాగా వచ్చిన సెట్టర్ వెనకే వచ్చి "సార్..." అనబోతే, "కెప్టెన్ తప్ప ఎవరూ మాట్లాడొద్దు, పో" అని గద్దించాం. రూలే అది, కాదనను. కానీ రూలు అక్కడితో అయిపోదు. కెప్టెన్ వివరణ అడిగితే రిఫరీ చెప్పాలి. ఒప్పుకోకపోతే తన అభ్యంతరాన్ని కెప్టెన్ అక్కడికక్కడే తెలిపి, మ్యాచ్ అయ్యాక స్కోరు షీటులో రాయించుకోవచ్చు. షీటే లేని చోట ఆ పిల్లాడు ఎక్కడ రాయిస్తాడు? అలాంటి హక్కు ఒకటుందని ఏజెన్సీ జట్లకు మేం ఏనాడూ చెప్పలేదు. చెబితే వాళ్లు అడుగుతారు, అడిగితే మేం చదువుకోవాలి.

అమ్మాయిల పోటీలకూ స్టాండ్ మీద మగవాళ్లమే. ఇంటర్‌తో ఆట ఆపేసిన గిరిజన అమ్మాయి ఒక్కరికైనా రిఫరీ పరీక్ష ఫీజు కట్టి పంపుదామన్న మాట మా సమావేశాల్లో వినలేదు.

2014లో చింతూరు, కూనవరం, వీఆర్‌పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అక్కడి నుంచి వచ్చి భద్రాచలం గ్రౌండులో మా కళ్ల ముందు పెరిగిన కుర్రాళ్ల సర్టిఫికెట్ల దారి వేరే రాష్ట్రానికి మళ్లింది. ఫలానా కుర్రాడు పనికొస్తాడు, చూడండని అవతలి వాళ్లకు చెప్పడానికి ఒక ఫోన్ చాలు. ఎవరం చేయలేదు.

పైగా స్థానికంగా టీచర్లే లేరన్న సాకూ మాకు లేదు. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటూ 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మధ్యలో ఇరవై ఏళ్లు గడిచాయి. ఆ బడుల్లో చేరినవాళ్లలో ఆట తెలిసినవాళ్లను పిలిచి చేతికి ఈల ఇవ్వడానికి జీవోలు అడ్డురాలేదు, కోర్టులూ అడ్డురాలేదు. స్కూల్ రిఫరీకి దక్కేది టీఏ, భోజనం, ఓ టీషర్టు. ఆ కాస్తా బయటికి పోకుండా కాపాడుకున్నాం.

ఈ సీజన్ రిఫరీల ప్యానెల్ రాసేటప్పుడు కూడా పాత జాబితానే ముందు పెట్టుకున్నాం. రిటైరైన ఇద్దరి పేర్లు కొట్టేశాం. ఒక ఖాళీలో మాలో ఒకాయన బావమరిదిని రాశాం, రెండోది తర్వాత చూద్దామని వదిలేశాం. దుమ్ముగూడెం వైపు ఎవరైనా ఉన్నారేమో కనుక్కుందామా అని ఓ కుర్ర పీఈటీ అన్నాడు. "ఇప్పుడు టైమెక్కడిది?" అన్నారు. జాబితా రాస్తున్నది నేనే. తలెత్తకుండా రాసుకుంటూ పోయాను.