గోధుమ మీద అనుమానము



కిందటి ఆగస్టులో ఒక శుక్రవారము, ఉపవాస ప్రార్థన ముగిసి అందరూ వెళ్ళిపోయిన తరువాత మా సంఘములోని ఒక సహోదరి వెనుక ఉండిపోయింది. ఆమెది చేనేత కుటుంబము. భర్త మగ్గము మీద కూర్చుంటే ఈమె కండెలు చుడుతుంది. ఆరేళ్ళుగా ఒళ్ళంతా నొప్పులు. వేళ్ళ కణుపులు, తుంటి, నడుము. ఒకచోట తగ్గితే ఇంకొకచోట లేస్తుంది. కడుపు ఉబ్బరము, నోటిపూత, పొద్దున లేచేసరికే అలసట. కీళ్ళవాతము పరీక్ష చేయించారు, లేదన్నారు. ఎక్స్‌రేలు తీయించారు, బాగున్నవన్నారు. చివరకు ఒకచోట “నీకు జబ్బేమీ లేదమ్మా, దిగులు పెట్టుకోకు” అని పంపివేశారు. ఇంట్లో అత్తగారు పనిదొంగ అన్నది.

“అయ్యగారూ, జబ్బు లేదంటే సంతోషించాలి గదా, నాకు ఏడుపొచ్చింది” అన్నది ఆ సహోదరి.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. హైదరాబాదులో ఉన్న ఆమె చెల్లెలి కొడుకు “పిన్నీ” కాదు, “పెద్దమ్మా, గోధుమ పడకపోతే ఇలా వస్తుందట” అని చెప్పాడట. మేము కూడా ఎక్కడో అటువంటిది చదివి ఉన్నాము. భర్తకు షుగరు వచ్చినప్పటి నుండి ఆ ఇంట రాత్రి పూట అందరికీ చపాతీలే. లెక్క సరిపోయినట్టు తోచింది. వైద్యుని మాట అడగకుండా “గోధుమ మానివేయమ్మా” అని చెప్పేశాము. మూడు వారములకు నొప్పులు సగము తగ్గాయి. ఆదివారము ఆమె సాక్ష్యము కూడా చెప్పింది. మాకు లోపల కొంచెము గర్వముగానే ఉన్నది.

అక్టోబరులో చీరాలలో ఒక వైద్యుని వద్దకు వెంట వెళ్ళాము. రక్తపరీక్ష వ్రాశాడు. సీలియాక్ జబ్బు లేదని వచ్చింది. ఆయన కాగితము చూసి, “గోధుమ ఎప్పుడు మానావమ్మా?” అని అడిగాడు. రెండు నెలలైనదని చెప్పింది. “అయితే ఈ రిపోర్టును నమ్మలేము” అన్నాడు. మేము తలవంచుకున్నాము.

సంగతి ఏమంటే, గోధుమపిండి ముద్దను నీళ్ళలో పిసుకుతూ కడిగితే గంజి అంతా పోయి చివరకు సాగే జిగురు ముద్ద మిగులుతుంది. పరోటా సాగేది దానివలననే. అదే గ్లూటెన్. సీలియాక్ జబ్బు ఉన్నవారు దానిని తింటే వారి దేహములోని రక్షణ శక్తే చిన్నప్రేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్న అన్నములోని ఇనుము, కాల్షియము ఒంటికి పట్టవు. అందుచేత కొందరికి విరేచనములు లేకుండానే రక్తహీనత, ఎముకల నొప్పి, నోటిపూత వస్తాయి. ఈ సహోదరి ఆరు నెలలు ఐరన్ మాత్రలు మింగినా రక్తము ఎనిమిది దాటలేదు. వైద్యునికి అనుమానము కలిగించినది నొప్పులకన్న ఆ సంగతే. రక్తపరీక్ష వెదికేది ఆ పోరాటపు గుర్తులను. గోధుమ మానివేస్తే ఆ గుర్తులు క్రమముగా తగ్గిపోతాయి; అప్పుడు పరీక్షకు జబ్బు చిక్కదు.

గోధుమకూ ఈ జబ్బుకూ సంబంధమును బయటపెట్టినవాడు విల్లెం డికె అనే డచ్చి పిల్లల వైద్యుడు. 1944–45 చలికాలములో నెదర్లాండ్స్‌లో కరవు వచ్చి రొట్టె దొరకలేదు. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రము కోలుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్ళీ పడిపోయారు. 1950లో ఆయన దానిని గ్రంథముగా వ్రాశాడు.

మరి వరి తినే మనకు ఇది వస్తుందా? 2016లో ప్రచురించిన ఒక పరిశోధనలో మన దేశములో 23,331 మందిని పరీక్షించారు. రక్తములో ఈ గుర్తులు ఉత్తరాదిలో నూటికి 1.23 మందిలోను, దక్షిణాదిలో నూటికి 0.10 మందిలోను కనబడ్డాయి. జబ్బుకు అవకాశమిచ్చే జన్యువులు మాత్రము రెండుచోట్లా మూడవ వంతు మందికి పైగా ఉన్నాయి. తేడా కంచములో ఉన్నది: ఉత్తరాదివారు రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటే దక్షిణాదివారు 25 గ్రాములు. కనుక మన వైపు ఇది అరుదే. కానీ షుగరు పేరుతో చపాతీకి మారిన ఇళ్ళు మా వేటపాలెములో ఇప్పుడు ఎన్ని ఉన్నవో మీకు తెలుసు. (చపాతీ కూడా షుగరును పెంచుతుంది, ఎన్ని తిన్నామన్నదే లెక్క, అది మరొక నెల వ్రాస్తాము.)

సీలియాక్ కాకపోయినా గోధుమ తింటే బాధపడేవారున్నారు. అందులోనూ నేరము ఎప్పుడూ గ్లూటెన్‌ది కాదు. 2018లో నార్వేలో 59 మందికి ఏది పెట్టామో చెప్పకుండా పెట్టి చూస్తే, గ్లూటెన్‌కన్న గోధుమలోని ఫ్రక్టాన్ అనే మరొక పదార్థమే ఎక్కువ బాధ పెట్టింది. అది ఉల్లిలో, వెల్లుల్లిలో కూడా ఉన్నది. థైరాయిడ్, డి విటమిను, బి12 లోపములవలన కూడా ఇటువంటి నొప్పులే వస్తాయి. వైద్యుడు అవి కూడా వ్రాశాడు.

నోటిలోనికి పోయేదానిని అనుమానించడము వెర్రి కాదు. పొదిలి, దర్శి వైపు నడుములు బిగుసుకుపోయి, మెడ తిరగక, పశువులు సహా కుంటుతుంటే వయస్సు అనుకున్నారు, కర్మ అనుకున్నారు. ఆ ప్రాంతము అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. అది నీళ్ళలోని ఫ్లోరైడు పని అని 1937లో వైద్యులు లోకమునకు తెలిపారు. నీళ్ళను పరీక్షించారు గనుక తెలిసింది.

ఇంకొక సంగతి మమ్మును సిగ్గుపరచింది. రోగిని చూడబోతూ మనము ఏమి తీసుకువెళతాము? బ్రెడ్డు, బిస్కట్లు, హార్లిక్స్. ఇంట్లో బార్లీ నీళ్ళు కాచి ఇస్తాము, ఉప్మా చేసి పెడతాము. అన్నిటిలో గ్లూటెనే. బార్లీలో కూడా ఉన్నది. బొంబాయి రవ్వ, సేమియా, మైదా అన్నీ గోధుమే; దుకాణములో అమ్మే పొడి ఇంగువలో కూడా తరచుగా గోధుమపిండి కలుపుతారు. వరి, రాగి, జొన్న, సజ్జలలో లేదు.

ప్రభువు బల్ల దగ్గరే అసలు చిక్కు వచ్చింది. ఆమె సెప్టెంబరు, అక్టోబరు నెలలలో రొట్టె తీసుకోకుండా పాత్ర మాత్రమే తీసుకున్నది. పల్లెసంఘములో అది ఎవరి కంటా పడకుండా ఉండదు. ఇంట్లో ఏదో జరిగిందని, అయ్యగారు ఆమెను ఆపారని మాట పుట్టింది. పెద్దల కూటములో బియ్యపుపిండి రొట్టె వేరే పళ్ళెములో ఉంచుదామన్నాము. ఒక పెద్దాయన “ఒకే రొట్టె గదా అయ్యగారూ” అన్నారు. ఇంకొకరు “పోనీ, అయిదువేల మందికి పంచిన యవల రొట్టె చేయిద్దాము” అన్నారు. యవలంటే బార్లీయే! ఇంకా తేలలేదు. మా మట్టుకు మేము బియ్యపుపిండి వైపే ఉన్నాము.

ప్రస్తుతము ఆమె గోధుమ మళ్ళీ తింటున్నది. రోజుకు ఒకటికి మించిన పూటలు, కనీసము ఆరు వారములు తిన్న తరువాతనే తిరిగి పరీక్ష అని వైద్యుడు చెప్పాడు. ఇది వ్రాసేనాటికి నాలుగవ వారము. నొప్పులు తిరిగి వచ్చాయి. నిన్న సాయంకాలము మా ఇంటికి వచ్చి, “ఇంకా రెండు వారాలేగా అయ్యగారూ” అని, మా ఇంటావిడ కాల్చిన చపాతీలు రెండు తిని కండెల పనికి వెళ్ళింది.