మెథనాల్‌ను నీళ్లు కలిపే అమ్మాలి

పద్మారావు నగర్: నీళ్లు కలిపిన సరుకు అంటే మన బజారులో కొనేవాడు మొహం చిట్లిస్తాడు. పాలయినా అంతే, సారాయి అయినా అంతే. అయితే మెథనాల్ చిల్లర అమ్మకాల విషయంలో మాత్రం నీళ్లు కలపనిదే సరుకు దుకాణం గడప దాటరాదని మా అభిప్రాయం.

మెథనాల్ మనకు ప్రధానంగా దిగుమతి సరుకు. దేశ అవసరాలలో చాలా భాగం ఇరాన్, సౌదీ అరేబియా తదితర గల్ఫ్ దేశాల నుంచి ఓడలలో కాండ్లా వంటి రేవులకు చేరి, అక్కడి నుంచి టాంకర్లలో లోపలి ప్రాంతాలకు వస్తుంది. గల్ఫ్‌లో సహజవాయువు పరిస్థితి, ఓడ కిరాయి, రూపాయి మారకం రేటు, ఈ మూడే ధరను నడిపిస్తాయి. హైదరాబాదు వైపు గిరాకీ అంతా జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం ప్రాంతాల బల్క్ డ్రగ్ కర్మాగారాలది. వారికి ఇది సాల్వెంటు. వారు టాంకర్ల లెక్కన కొంటారు. ఈ పెద్ద పద్దులో ఎక్కడా కనిపించని కొత్త కొనుగోలుదారు ఒకడు చిల్లర వరసలో వచ్చి నిలుచున్నాడు. అతడే టర్బో కారు యజమాని.

అతడికి ఈ సరుకుతో పని ఏమిటో ముందు చెప్పాలి. టర్బోచార్జరు గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. మే నెలలో మన ఊరి గాలి అసలే 40 డిగ్రీలు దాటి ఉంటుంది. టర్బో నుంచి బయటికి వచ్చేసరికి 100 డిగ్రీలు దాటడం మామూలే. దాన్ని చల్లార్చడానికి ఇంటర్‌కూలరు ఉన్నా, ట్రాఫిక్‌లో నిలబడి నిలబడి అదీ వేడెక్కుతుంది. వేడిగాలిలో పెట్రోలు తన వేళకు ముందే అంటుకుంటే మెకానిక్కులు నాకింగ్ అంటారు. అది ముదిరితే పిస్టను పగులుతుంది. అందుకని చిన్న పంపు, సన్నని నాజిలు బిగించి, టర్బో ఒత్తిడి పెరిగినప్పుడు మాత్రమే నీరు, మెథనాల్ కలిపిన ద్రావణాన్ని గాలిలోకి పొగమంచులా చిమ్ముతారు. అది ఆవిరి అవుతూ వేడిని పీల్చుకుంటుంది. దాంతో ట్యూనరుకు శక్తి పెంచే వీలు చిక్కుతుంది.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్ యుద్ధ విమానాలు సగం మెథనాల్, దాదాపు సగం నీరు, చిటికెడు తుప్పు నిరోధక నూనె కలిపిన ద్రావణాన్ని వాడాయి. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారుకు ఇలాంటి ద్రావణం కోసం వేరే టాంకే ఉండేది. చాలామంది యజమానులు దాన్ని నింపడం మరచిపోవడంతో కంపెనీ తల పట్టుకుంది. అంత దూరం ఎందుకు? ఒకప్పుడు మన బేగంపేట నుంచి ఎగిరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఆవ్రో, ఫాకర్ ఫ్రెండ్‌షిప్ విమానాల డార్ట్ ఇంజన్లకు కూడా, ఎండ మండే వేళ టేకాఫ్‌లో శక్తి తగ్గకుండా ఉండేందుకు నీరు, మెథనాల్ ద్రావణాన్ని చిమ్మే ఏర్పాటు ఉండేది. ఆ రోజుల్లో దాన్ని ముట్టుకునేది శిక్షణ పొందిన గ్రౌండ్ సిబ్బంది మాత్రమే. ఇప్పుడు అదే సరుకు అపార్ట్‌మెంటు పార్కింగులో చేరుతున్నది. తేడా అక్కడ ఉంది.

ఇంజను చల్లబడటంలో అసలు పని నీటిదే. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,257 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది. కిలో మెథనాల్ తీసుకునేది అందులో సగం కంటే తక్కువ, దాదాపు 1,100. పెట్రోలుకైతే 350 ప్రాంతం. మరి మెథనాల్ ఎందుకు కలిపారు? అది తానూ మండుతుంది, నాకింగ్‌ను బాగా తట్టుకుంటుంది, నీటికంటే త్వరగా ఆవిరవుతుంది. ఇవి నిజమైన లాభాలే. కాని జర్మన్లు కలపడానికి ముఖ్య కారణం వేరు. ఎత్తున ఎగిరే విమానంలో, చలి దేశాల కారులో, వట్టి నీరు గడ్డకడుతుంది. సికిందరాబాదులో సంక్రాంతి చలికి కూడా నీరు గడ్డకట్టిన దాఖలా లేదు. విదేశీ కిట్టు పెట్టెమీద సగం సగం అని రాసి ఉందని ఇక్కడా సగం సగం పోయడం, వాళ్ల చలికి మనం కంబళి కప్పుకోవడమే. 2016 నాటి బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ కారులో కంపెనీయే వట్టి నీటిని వాడింది. మన రోడ్డు కార్లకు మూడోవంతు మెథనాల్ దాటనక్కరలేదని మేమనుకుంటాం. పందేల కారు మాట వేరు.

ఇక సరుకు లెక్క చూద్దాం. ద్రావణం ఖర్చు సాధారణంగా పెట్రోలులో పదోవంతు నుంచి అయిదోవంతు. అదీ టర్బో గట్టిగా పనిచేసే క్షణాలలోనే. ఒక కారుకు నెలకు 5 లీటర్ల ద్రావణం అనుకుందాం. అందులో సగం మెథనాల్ అనే అనుకున్నా, వంద కార్లకు నెలకు 250 లీటర్లు. అంటే డ్రమ్మున్నర కూడా పూర్తిగా కాదు. నగరంలో బీహెచ్ఈఎల్ 2021లో ఎక్కువ బూడిద ఉండే బొగ్గు నుంచి మెథనాల్ తీసి చూపించిన ప్రయోగ ప్లాంటు సామర్థ్యమే రోజుకు 250 కిలోలు, అనగా 300 లీటర్ల పైమాట. వంద కార్ల నెల ఖర్చు ఆ చిన్న ప్లాంటు ఒక రోజు ఉత్పత్తికి సరిపోదు! ఈ కొనుగోళ్ల వల్ల ధర పెరుగుతుందన్న భయం గాని, పెరగాలన్న ఆశ గాని ఏ స్టాకిస్టుకూ అక్కరలేదు.

అయితే డ్రమ్ము లెక్క ఇంకోచోట వేరే విధంగా పలుకుతుంది. 2022 జులైలో గుజరాత్‌లోని బోటాద్ ప్రాంతంలో 40 మందికి పైగా ప్రాణాలు తీసిన కల్తీ సారాకు మూలం, పోలీసులు చెప్పిన ప్రకారం, ఒక గోదాము నుంచి దొంగిలించిన 600 లీటర్ల మెథనాల్. మూడు డ్రమ్ములు! 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో మెథనాల్ కలిసిన సారాకు 60 మందికి పైగా బలయ్యారు. 2025 మేలో పంజాబ్‌లోని మజీఠాలో ఇరవై మందికి పైగా చనిపోయినప్పుడు మెథనాల్‌ను ఆన్‌లైన్‌లో తెప్పించినట్లు తేలింది. టాంకరు వ్యాపారంలో నేలమీద ఒలికిపోయినంత సరుకు ఒక వాడను వల్లకాడు చేయగలదు. వాసనలోను, చూపులోను అది మామూలు సారాకు దగ్గరగా ఉంటుంది. నాలుగైదు చెంచాలు కడుపులో పడితే చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. మండితే పట్టపగలు దాని మంట కంటికి సరిగా ఆనదు.

కనుక మా సూచన ఇది. 1919 నాటి విషపదార్థాల చట్టం కింద అమ్మకాన్ని, నిల్వను కట్టడి చేసే అధికారం రాష్ట్రాలకు ఉంది. కర్మాగారాలకు టాంకర్ల వ్యాపారం ఇప్పటి మాదిరే సాగనివ్వండి. కార్ల కోసం చిల్లరగా అమ్మేది మాత్రం నీరు కలిపి, కొట్టొచ్చే రంగు వేసి, నోట పెట్టలేనంత చేదు చేర్చి, సీలు వేసిన డబ్బాలలోనే ఉండాలి. చలి దేశాలలో కారు అద్దాలు కడిగే మెథనాల్ ద్రవాన్ని రంగు వేసి అమ్మడం ఎప్పటినుంచో ఉన్నదే. నీరు మోయడానికి కిరాయి ఎవరిస్తారని వ్యాపారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు: లైసెన్సు ఉన్న డీలరు నగరంలోనే కలపాలి. రాణిగంజ్ మోటారు విడిభాగాల దుకాణాలలో బ్యాటరీ నీళ్లు దొరకని రోజు లేదు. బోరు నీరు మాత్రం పనికిరాదు. అందులోని సున్నం నాజిలు రంధ్రాన్ని పూడుస్తుంది. కలిపినంత మాత్రాన మంట భయం పూర్తిగా పోదు, కొంత తగ్గుతుంది. సారా కాచేవాడికి మాత్రం ఆ డబ్బాతో ఇక పనిలేదు. ముఖ్యం అదే.

ట్యూనర్లకు ఒక మాట. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ఆక్టేను 91 నుంచి 95 ప్రాంతానికి చేరిందని 2025లో పెట్రోలియం శాఖ ప్రకటించింది. ఇథనాల్ కూడా ఆవిరవుతూ కొంత చలవ చేస్తుంది. అంటే మెథనాల్ మీద ఆధారపడాల్సిన పని నాలుగేళ్ల కిందటికంటే తగ్గింది. ద్రావణం ఉందన్న ధీమాతో ట్యూనింగ్ చేసిన ఇంజనులో టాంకు ఖాళీ అయినా, పంపు ఆగినా, ఆ మరుక్షణం టర్బో ఒత్తిడి తగ్గించే ఏర్పాటు లేకపోతే జేబుకు చిల్లు తప్పదు. జెట్‌ఫైర్ వారు 1962లోనే ఆ ఏర్పాటు పెట్టారు.

డబ్బామీద రాతలో ఇంకొక చిక్కు ఉంది. మెథనాల్‌ను పెద్ద బేరాలలో కిలోల లెక్కన, చిల్లరలో లీటర్ల లెక్కన అమ్ముతారు. లీటరు తూగేది 790 గ్రాములే. బరువులో సగం సగం కలిపితే కొలతలో మెథనాల్ దాదాపు 56 పాళ్లు అవుతుంది. పాళ్లు బరువు ప్రకారమా, కొలత ప్రకారమా అన్నది తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయాలి.