గెలిచినవాడు తల వంచాలా?

నేను రాజనీతిశాస్త్ర విద్యార్థిని కాను. చదువుతున్నది బి.ఎస్సి. మా ఇంట్లో రాజకీయమంటే వానాకాలం విత్తనాలు, యాసంగి నీళ్ళు, బోరు మోటారుకి కరెంటు. ఐనా ఒక ప్రశ్న నన్ను చాలా రోజులుగా వేధిస్తూ వుంది. దాన్ని ఈ సంచిక పాఠకుల ముందు పెట్టడానికి సాహసిస్తున్నాను. జనాన్ని రెండుగా చీల్చిన ఓటింగులో నెగ్గిన నాయకుడు ఓడినవాళ్ళ పట్ల ఉదారంగా వుండాలా? లేక గెలుపు గెలుపే, ఓటమి ఓటమే అనుకొని తన దారిన తాను పోవచ్చునా?

ఈ ప్రశ్న పుట్టింది పుస్తకంలో కాదు. నాచారంలో మా అద్దె గదిలో.

గదిలో వుండేది ఇద్దరం. మాది ఉప్పల్ చౌరస్తా నుంచి వరంగల్ రోడ్డు పట్టుకొని పోతే తగిలే పల్లె. వాడిది గుంటూరు జిల్లా. 2014 ఫిబ్రవరి 18న మా ఇద్దరికీ తొమ్మిదేసి ఏళ్ళు. ఆ రోజు లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. చూద్దామని టీవీ ముందు కూర్చున్నవాళ్ళకు ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. అంతకు ఐదు రోజుల ముందే అదే సభలో పెప్పర్ స్ప్రే కొట్టిన ఘటన జరిగింది. సరే, బిల్లు నెగ్గిందన్న వార్త వచ్చింది. మా ఊళ్ళో పంచాయితీ ఆఫీసు దగ్గర డప్పులు మోగాయి. గులాలు చల్లుకున్నారు. నేనూ ఎగిరాను, అర్ధరాత్రి దాకా. గుంటూరు జిల్లాలో వాడి ఇంట్లో మాత్రం ఆ రాత్రి వాళ్ళ నాన్న కంచం ముందు కూర్చొని, రెండు ముద్దలు కూడా తినకుండా లేచిపోయాడట.

ఈ సంగతి వాడు నాతో గదిలో చేరిన ఏడాదికి గాని చెప్పలేదు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదురా?" అంటే, "మీరు గెలిచినోళ్ళు గదా, నీకేం చెప్తాం?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కాని ఆ మాట నాకు నిద్ర లేకుండా చేసింది. నేనేం గెలిచాను? తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి. ఐనా వాడి లెక్కలో నేను గెలిచినవాణ్ణే, వాడు ఓడినవాడే! నాయకులు ఢిల్లీలో గెలిచిన గెలుపు పదేళ్ళ తర్వాత కూడా ఒక అద్దె గదిలో రెండు మంచాల నడుమ గీతలా వుందన్నమాట.

ఇదే విషయం మా వైపు స్నేహితుడొకడితో అన్నాను. వాడు మండిపడ్డాడు. "గెలిచినాక నవ్వనీకి కూడా పర్మిషన్ అడగాల్నా? 1969లో పోలీసు తూటాలకు చచ్చిపోయిన పిల్లల తల్లులు అడిగిండ్రా ఎవర్నన్న? 2009 నవంబరు 29న మన పక్కన ఎల్బీనగర్‌ల ఒంటికి నిప్పు పెట్టుకున్న శ్రీకాంతాచారి మంట నీకు యాదికి లేదా? అరవై ఏండ్లు ఎదురుచూసినోడు ఒక్క రాత్రి ఎగిరితే తప్పా?" అన్నాడు.

తప్పు కాదు. నా స్నేహితుడి మాటలో బలం వుంది. ఎవరి కన్నీళ్ళైనా ఎండక ముందే "కొంచెం హుందాగా వుండండి" అని నీతులు చెప్పడం సులభం. ఉదారత పేరుతో గెలుపునే తిరిగి ఇచ్చేయమంటే అది అన్యాయం కూడా. మరి ఉదారత అంటే ఏమిటి? దీనికి నాకు దొరికిన జవాబు మా తాత చేసిన ఒక పని.

మా పొలానికీ పక్క రైతు పొలానికీ గట్టు తగాదా చాలా ఏళ్ళు నడిచింది. చివరికి సర్వేయరు వచ్చి గొలుసు పట్టి కొలిస్తే రెండు గుంటలు మా వైపే తేలాయి. మా నాన్న ఆ సాయంత్రమే పార తీశాడు. ఆ రెండు గుంటల్లో పక్కాయన వేసిన కంది పూత మీద వుంది. మా తాత పార పట్టుకొని ఆపి, "ఆగు బిడ్డా. భూమి మనది, పంట ఆయినది. కోసుకోనియ్యి. గట్టు ఏడికి పోతది?" అన్నాడు. కంది కోతలు అయ్యాక పక్కాయనే పార భుజాన వేసుకొని వచ్చి, మా నాన్నతో కలిసి కొత్త గట్టు వేశాడు. మా తాత గుంట భూమి కూడా వదులుకోలేదు, క్షమాపణ చెప్పలేదు. ఓడినవాడి చేతికి రావలసిన పంటను మాత్రం తొక్కలేదు. ఉదారత అంటే ఇదే అని నా నమ్మకం. హక్కు వదులుకోవడం కాదు. అవతలివాడి నిలువు పంట తొక్కకపోవడం.

దీనికి విరుద్ధమైన దృశ్యం కూడా మా ఊళ్ళోనే చూశాను. 2019 జనవరి పంచాయితీ ఎన్నికల్లో గెలిచిన వర్గం ఊరేగింపు తీసింది. ఓడినాయన ఇంటి ముందు ఊరేగింపు ఆపి అరగంట సేపు డీజే పెట్టారు. లోపల ఆయన ముసలితల్లి జ్వరంతో పడుకొని వుంది. ఆ అరగంట ఖరీదు ఏమిటో తెలుసా? ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ రెండు వర్గాలు ఒకరి పెళ్ళికి ఒకరు పోలేదు. గ్రామసభలో ఒకరు మోరీ అంటే ఇంకొకరు రోడ్డు అన్నారు. మోరీ రాలేదు, రోడ్డూ రాలేదు.

ఇక ఊరి నుంచి రాష్ట్రానికి వద్దాం. చరిత్రలో ఒక తేదీ నన్ను ఆశ్చర్యపరిచింది. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకులు పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి మొదలైనవారు సంతకాలు పెట్టారు. విశాలాంధ్ర కావాలన్నవాళ్ళ మాట నెగ్గింది, వద్దన్నవాళ్ళ భయాలు తీర్చాలి. అందుకే ఆ కాగితం. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతం వారు కావాలని అందులో రాసుకున్నారు. తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే అన్నారు. చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణ అన్నారు. మాట ఎంతో పెద్దమనిషి తరహాగా వుంది. కాని నవంబరు 1న రాష్ట్రం ఏర్పడి సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యాక ఉపముఖ్యమంత్రి పదవే లేదు. ఆ పదవిని "ఆరో వేలు" అన్నారని మా వైపు పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. కె.వి. రంగారెడ్డి గారికి ఆ పదవి దక్కింది 1959లో. పన్నెండేళ్ళు తిరిగేసరికి ఉస్మానియా విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు.

సరిగ్గా 58 ఏళ్ళకు, మళ్ళీ ఫిబ్రవరి 20. 2014లో రాజ్యసభ విభజన బిల్లును ఆమోదించిన రోజు అదే. ఈసారి ఓడింది అటువైపు. వాళ్ళ భయాలు తీర్చడానికి ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి, కొత్త ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ళు ప్రత్యేక హోదా ఇస్తామని సభలో ప్రకటించారు. మంచి మాటే. కాని ఆ మాట చట్టంలోకి ఎక్కలేదు. ప్రభుత్వం మారింది, హోదా రాలేదు. 2016లో దాని బదులు ప్యాకేజీ అన్నారు.

చూడండి! రెండు ఫిబ్రవరి ఇరవైలు. ఒకసారి మావాళ్ళు మాట తీసుకొని నష్టపోయారు, ఇంకొకసారి నా గదిలోని స్నేహితుడి వాళ్ళు. ఇది నాకు నేర్పిన పాఠం ఒక్కటే. గెలిచిన రోజు చెప్పే తీపి మాట ఉదారత కాదు, అది అప్పు పత్రం. తీర్చకపోతే వడ్డీ పెరుగుతుంది. 1956 నాటి అప్పుకు వడ్డీ 1969లో ఒకసారి, 2014లో ఒకసారి కట్టవలసి వచ్చింది. రాష్ట్రాన్ని విభజించిన కాంగ్రెస్‌కు 2014 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలోని 175 స్థానాల్లో ఒక్కటీ రాలేదు. తెలంగాణలో 119కి 21 మాత్రమే వచ్చాయి.

మా కెమిస్ట్రీ ల్యాబులో టైట్రేషన్ చేస్తాం. బ్యూరెట్ నుంచి ఒక్క చుక్క పడగానే ఫ్లాస్కులో రంగు మారిపోతుంది. కాని అంతకు ముందున్న ద్రావణం ఎక్కడికీ పోదు. అదే ఫ్లాస్కులో, అదే ద్రావణం. ఓటు కూడా అంతే. 2016లో బ్రిటన్ ప్రజలు ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలని తీర్పు చెప్పారు. నూటికి 52 మంది అటు, 48 మంది ఇటు. రంగు మారింది, ఆ నలభై ఎనిమిది మంది మాత్రం ఆ దేశంలోనే వున్నారు. దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలాకు ఈ సూత్రం తెలుసు. 27 ఏళ్ళు జైల్లో వుండి, 1994లో గెలిచి, తాను ఓడించిన డి క్లెర్క్‌ను ఉపాధ్యక్షుడిగా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మరుసటి ఏడు రగ్బీ ప్రపంచ కప్ ఫైనల్‌కు, తెల్లవాళ్ళ ఆటగా నల్లవాళ్ళు ద్వేషించిన జట్టు చొక్కానే తొడుక్కొని వచ్చాడు. ఆయనకంటే ఎక్కువ బాధ పడ్డామని చెప్పగలవాళ్ళం మనలో ఎందరు?

మన దగ్గర అలాంటివి అసలు జరగలేదని అనను. 2015 అక్టోబరు 22న అమరావతి శంకుస్థాపనకు కేసీఆర్ వెళ్ళారు. ఆ డిసెంబరులో కేసీఆర్ చేసిన చండీయాగానికి చంద్రబాబు వచ్చారు. "ఆంధ్రావాలా భాగో" అన్న నినాదం విన్న ఇదే నగరంలో, 2016 ఫిబ్రవరి గ్రేటర్ ఎన్నికల్లో, తెరాస నాయకులు అటువైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఓట్లు అడిగారు. 150 డివిజన్లలో 99 గెలిచారు. "అది ఓట్ల కోసం మంచితనం" అంటారు కొందరు. కావచ్చు. కాని ఓటు కోసమైనా తలుపు తట్టినవాడు, తట్టనివాడికంటే నయమే. ఓట్లు లెక్కించాక కూడా ఆ తలుపు గుర్తుంటుందా అన్నదే పరీక్ష.

ఉప్పల్ వాసులకు ఈ పరీక్ష బాగా తెలుసు. తెలంగాణ వచ్చిన ఏడాది, 2014లో, రాష్ట్రమంతా తెరాస గాలి వీస్తే ఉప్పల్ బీజేపీ అభ్యర్థిని గెలిపించింది. 2023లో రాష్ట్రంలో కాంగ్రెస్ గెలిస్తే ఉప్పల్ బీఆర్ఎస్‌ను గెలిపించింది. అంటే పదేళ్ళలో రెండుసార్లు ఈ ఊరు ఓడినవాళ్ళ వైపు నిలబడింది. అలాగని ఇక్కడి పిల్లలకు బడి వద్దా? నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి వచ్చే కార్మికుడికి వీధి దీపం వద్దా? వరంగల్ రోడ్డు మీద 2018లో మొదలైన ఎలివేటెడ్ కారిడార్ స్తంభాల కింద దుమ్ము మింగుతూ నేను ఎన్నోసార్లు బస్సు ఎక్కాను. ఆ ఆలస్యం ఎవరి పాపమో తేల్చడం నా పని కాదు. కాని ఆ దుమ్ము ఏ పార్టీకి ఓటు వేశావని ఎవరినీ అడగదు!

చివరగా మా ఇంటి ఓనరు పిన్నిగారి మాట చెప్పి ముగిస్తాను. ఆమెది తెనాలి వైపు. నాచారంలో ముప్ఫై ఏళ్ళకు పైగా వుంటున్నారు. 2014 ఫిబ్రవరిలో ఎలా వుందండీ అని అడిగాను.

"భయంగానే వుంది నాయనా. వీధి చివర టపాకాయలు కాలుస్తుంటే తలుపులు వేసుక్కూర్చున్నాం. పక్కింటాయన స్వీటు డబ్బా పట్టుకొని గేటు దగ్గరకొచ్చాడు. తీసుకోవాలో వద్దో తెలియలా. 'వదినా, ఇది రాష్ట్రం వచ్చినందుకు కాదు, మీరు ఎక్కడికీ పోవట్లేదని' అన్నాడు. అప్పుడేడ్చా."

ఆ పక్కింటాయన నాయకుడు కాడు, ఏ పార్టీలోనూ లేడు. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. జన్మంతా తెలంగాణ కావాలన్నవాడు. ఆ రాత్రి ఆయన తన సంతోషాన్ని దాచుకోలేదు; దాన్ని పట్టుకొని పక్కింటి గేటు దాకా నడిచాడు, అంతే. ఒక ఫిట్టరుకు తెలిసిన విద్య మన ఎమ్మెల్యేలకు, ఎంపీలకు ఎందుకు తెలియకూడదు?

హైదరాబాదు ఉమ్మడి రాజధానిగా వుండే పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఆ ఉదయం నేను ఉప్పల్ చౌరస్తాలో వున్నాను. ఏమీ జరగలేదు. మెట్రోలు నడిచాయి, ఇడ్లీ బండి దగ్గర జనం నిలబడ్డారు, యాదగిరిగుట్ట బస్సు కోసం తోసుకున్నారు. ఎవరూ ఎవర్నీ పొమ్మనలేదు. ఈ ప్రశాంతతను ఏ నాయకుడూ ఒక్కడే తెచ్చి ఇవ్వలేదు. ఇలాంటి పిన్నిగార్లు, పక్కింటివాళ్ళు తెచ్చుకున్నారు.

మిత్రులారా! రేపు మనలో కొందరు సర్పంచులౌతారు, కొందరు శాసనసభ్యులౌతారు, కొందరు సంఘాలకు నాయకులౌతారు. గెలవండి. గట్టిగా గెలవండి. మీ గట్టు మీరు వేసుకోండి, గుంట కూడా వదలవద్దు. కాని పార ఎత్తే ముందు అవతలివైపు ఒకసారి చూడండి. అక్కడ కంది పూత మీద వుండవచ్చు.

నేను మాత్రం ఒక చిన్న పని చేశాను. మొన్న సెలవులకు ఊరికి పోతూ మా రూమ్మేటును వెంట తీసుకుపోయాను. మా తాత వాణ్ణి చూసి "ఏ ఊరు బిడ్డా?" అన్నాడు. వాడు కాస్త తటపటాయించి "గుంటూరు, తాతా" అన్నాడు. మా తాత "గట్లనా, మిరప మంచిగ పండుతదట గదా మీ దిక్కు" అంటూ మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చాడు. వాడు కూర్చున్నాడు.