హోమోసిస్టీన్ ఎర్రగా వచ్చిందా? ముందు బీ12 చూడండి

కంపెనీ హెల్త్ చెకప్ రిపోర్టు ఫోన్‌కి రాగానే అందరం చేసే పని ఒకటే. ఎర్ర అక్షరాలు ఎక్కడున్నాయా అని వెతుకుతాం. షుగర్, కొలెస్ట్రాల్ అయితే తెలిసిన పేర్లే. కానీ ‘హోమోసిస్టీన్ 24’ అని ఉంటే? గూగుల్ చేస్తే గుండెపోటు అని వస్తుంది. ఇక ఆ రాత్రి నిద్ర పట్టదు.

అసలు సంగతేంటంటే, మనం తినే ప్రొటీన్‌లో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. గుడ్లు, చేపలు, మాంసం, పాలు, నువ్వుల్లో ఇది బాగా దొరుకుతుంది. ఒంట్లో దాని పని అయ్యాక మిగిలేదే హోమోసిస్టీన్. శరీరం దాన్ని మళ్లీ మెథియోనిన్‌గా మార్చుకుంటుంది. ఆ పనికి ఫోలేట్, బీ12 రెండూ కావాలి. ఏ ఒక్కటి తగ్గినా హోమోసిస్టీన్ రక్తంలో పేరుకుపోతుంది. మామూలుగా లీటరుకు 15 మైక్రోమోల్స్ లోపు ఉండాలి.

పేరుకుంటే ఏమవుతుంది? రక్తనాళం లోపలి గోడకి పల్చటి కణాల పొర ఉంటుంది. నాళాన్ని వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్ అక్కడే తయారవుతుంది. హోమోసిస్టీన్ బాగా పెరిగితే అది తగ్గుతుంది. తెల్ల కణాలు గోడకి అతుక్కుంటాయి, ఇన్‌ఫ్లమేషన్ మొదలవుతుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. పుట్టుకతోనే ఇది విపరీతంగా ఉన్న పిల్లల్లో ధమనులు గట్టిపడిపోవడం గమనించి, 1969లో అమెరికా డాక్టర్ కిల్మర్ మెక్కల్లీ ఈ సంబంధాన్ని బయటపెట్టారు.

అయితే మాంసం తినేవాళ్లకే ముప్పా? కాదు. మన దగ్గర ఎక్కువగా చిక్కుల్లో పడేది శాకాహారులే. బీ12 ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే దొరుకుతుంది. రోజుకి కావాల్సింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకే. పీజీ హాస్టల్లో పోసే నీళ్ల మజ్జిగతో అదీ అందదు. గ్యాస్ టాబ్లెట్లు ఏళ్ల తరబడి మింగేవాళ్లకీ, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకీ బీ12 తగ్గే అవకాశం ఉంది.

ఫోలేట్ కథలో మన తెలుగువాడు ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములిద్దర్ని పొట్టన పెట్టుకుంది. తర్వాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అది స్ప్రూకీ మందైంది.

‘అయితే ఫోలిక్ యాసిడ్ ఆర్డర్ పెట్టేద్దాం’ అనుకోకండి. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. బీ12 లోపం ఉన్నవాళ్లు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తహీనత సర్దుకున్నట్టే కనిపిస్తుంది. లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. తిమ్మిర్లు, మతిమరుపు ముదిరాక గానీ తెలియదు.

ఇంకో మాట. 2006లో నార్వే, కెనడా పరిశోధకులు వేలమంది గుండె, రక్తనాళాల రోగులకి బీ విటమిన్లు ఇచ్చి చూశారు. హోమోసిస్టీన్ తగ్గింది. గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. కెనడా వాళ్ల అధ్యయనంలో పక్షవాతం కొంత తగ్గిందంతే. అలర్ట్ ఆఫ్ చేసినంత మాత్రాన సర్వర్ బాగైనట్టు కాదని మనకి వేరే చెప్పాలా! ఆ నంబర్ ఒక సూచన. కారణం వెతకాల్సింది దాని వెనకాల.

కాబట్టి ఎరుపు కనిపిస్తే బీ12, ఫోలేట్‌తో పాటు థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా అడగండి. వీటిలో తేడా వచ్చినా హోమోసిస్టీన్ పెరుగుతుంది. లోపం ఏదో తేలాక, ఎంత డోసు, టాబ్లెట్టా ఇంజెక్షనా అన్నది డాక్టర్ చెప్తారు. ప్లేట్‌లో తోటకూరో పాలకూరో, ఓ పప్పు, గడ్డ పెరుగు ఉండేలా చూసుకోండి. తినేవాళ్లయితే గుడ్డు కూడా. సిగరెట్ మానేయండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అదుపులో పెట్టుకోండి. రక్తనాళాలకి ఏ క్యాప్సూల్ కన్నా వీటి వల్లే ఎక్కువ మేలు.