తంతులు కాదు, పాడే నోళ్లు లెక్కపెట్టండి



పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘంలోని ఒక తమ్ముడు కొత్త గిటార్ తెచ్చి, "అయ్యగారూ, ప్రార్థన చేయండి" అని బల్ల ముందు పెట్టాడు. ఏడు తంతుల ఎలక్ట్రిక్ గిటార్. ఏడాదిపాటు కూలి డబ్బుల్లో కొంచెం కొంచెం దాచి, అప్పు చేయకుండా కొనుక్కున్నాడు. మేము సంతోషంగా ప్రార్థన చేశాం.

సాయంత్రానికల్లా ఫోన్లు మొదలయ్యాయి. "ఆరు తంతులు చాలవా? ఆ ఏడోది సాతాను పాటలవాళ్లు పెట్టుకున్నదట. దాన్ని మందిరంలో వాయిస్తే మేము రాము" అన్నారు కొందరు పెద్దలు. ఆ మాట పిల్లవాడి చెవిన పడింది. బుధవారం ప్రార్థన కూడికకు అతను రాలేదు. అందుకే ఈ వారం ఇది రాయక తప్పలేదు.

పెద్దలారా, కోపగించుకోకండి. వాక్యం తెరిచి మాట్లాడుకుందాం. కీర్తనలు 33, 92, 144 చూడండి. మూడింటిలోనూ పది తంతుల వాద్యం ఉంది. పదిటితో స్తుతి అందుకున్న దేవుడు ఏడింటిని చూసి ముఖం తిప్పుకుంటాడా?

వాద్యం ఎవరి ఇంట పుట్టిందన్నదే లెక్కయితే ఆదికాండము 4వ అధ్యాయం చదవండి. సితారా వాయించేవారికి మూలపురుషుడు యూబాలు. అతను కయీను సంతతివాడు. అయినా దావీదు సితారా పట్టుకుని సౌలు ముందు వాయిస్తే దురాత్మ పారిపోయింది గాని లోపలికి రాలేదు. పుట్టుకను బట్టి మనుషులను దూరం పెట్టే అలవాటు సువార్త విన్న రోజే వదిలేశామన్నాం. ఇప్పుడు వాద్యాలకు కులం అంటగడదామా?

ఇక ఏడో తంతి సంగతి. మెటల్ పాటలవాళ్లు దాన్ని బాగా వాడారన్నది నిజమే. 1990లో ఐబనెజ్ కంపెనీ స్టీవ్ వై అనే వాద్యకారునితో కలిసి ఏడు తంతుల గిటార్‌ను మార్కెట్లోకి తెచ్చింది. కొన్నేళ్లకు కార్న్ వంటి బృందాలు దాన్ని పట్టుకున్నాయి. కానీ 1930ల చివరిలోనే అమెరికాలో జార్జ్ వాన్ ఎప్స్ దానిమీద జాజ్ వాయించాడు. రష్యాలో రెండు వందల ఏళ్ల కిందటే ఏడు తంతుల గిటార్ ఉంది. సగం తెలిసిన సంగతితో ఒక పిల్లవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టడం న్యాయమా?

మీరు "మన వాద్యం" అంటున్న హార్మోనియం ఎక్కడిది? 19వ శతాబ్దంలో ఫ్రాన్సు నుంచి వచ్చింది. మన సంగీతానికి పనికిరాదని 1940లో ఆకాశవాణి దాన్ని తన స్టూడియోల నుంచే వెళ్లగొట్టింది. మూడు దశాబ్దాల తరువాత గాని తలుపు తీయలేదు. మరి అన్నేళ్లూ మన తాతలు పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు హార్మోనియం మీదే పాడుకున్నారు కదా! మన పేటలో డప్పు సంగతి మరిచారా? జాతరలో మోగేదని ఒకప్పుడు దాన్ని మందిరం గడప తొక్కనివ్వలేదు. ఈ రోజు డప్పు లేని క్రిస్మస్ ఊరేగింపు ఉందా?

యౌవనస్థులారా, అయ్యగారు మన పక్షమే అని చప్పట్లు కొట్టకండి. ఇప్పుడు మీతోనూ మాటుంది.

ఆరు తంతుల గిటార్‌లో అడుగు స్వరం సెకనుకు సుమారు 82 కంపనాలు. ఏడో తంతి సాధారణంగా 62 దాకా దిగుతుంది. బేస్ గిటార్, కీబోర్డు ఎడమచేయి, డోలక్ గుమ్ము అన్నీ ఆ అడుగు భాగంలోనే ఉన్నాయి. అక్కడికి మీ గిటార్ కూడా దిగి, దానిమీద డిస్టార్షన్ పెట్టి, సౌండ్ బాక్సులు అదిరేలా పెంచితే వినిపించేది హోరే. స్వరాలలో భేదం తెలియకపోతే ఏం వాయిస్తున్నారో ఎవరికి తెలుస్తుందని పౌలు 1 కొరింథీయులకు 14లో అడిగింది ఇదే. వెనక చాపమీద కూర్చున్న అవ్వలకు చదువు రాదు. కీర్తనలే వాళ్ల బైబిలు. ఆ అవ్వ తన గొంతు తనకు వినబడక పాడడం ఆపేస్తే, ఆ పాపం తంతిది కాదు, మీ చేతిది.

ఇంకో మాట. ఎనిమిది తంతులది కూడా కొందాం, సంఘం డబ్బు ఇవ్వండి అని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇవ్వం. పిడికెడు బియ్యం కానుకతో కొనే వస్తువు కాదది. వెల ఇవ్వకుండా దేవునికి అర్పించనన్నాడు దావీదు (2 సమూయేలు 24). ఆ తమ్ముడు తన చెమటతో కొన్నాడు, అందుకే అతని పక్షాన నిలబడుతున్నాం. విధవరాలి బియ్యంతో మీ ముచ్చట తీర్చుకోవడం అర్పణ కాదు.

కాబట్టి ఈ ఆదివారం ఆ గిటార్ మందిరంలో మోగుతుంది. రెండో చరణానికి మైకులు, బాక్సులు అన్నీ ఆపిస్తాం. అప్పుడు సంఘం గొంతు వినిపిస్తే వాద్యం తన పని తాను చేసినట్టే. వినిపించకపోతే హార్మోనియమైనా, గిటారైనా పక్కన పెట్టి మోకరిద్దాం.

తమ్ముడూ, ఇంట్లో కూర్చోకు, గిటార్ తీసుకునిరా. పెద్దలారా, మీరూ రండి. ముందు వరసలో మీ చోటు మీకోసం ఉంటుంది. మొదటి పాట మీరే ఎత్తండి. అతను మీ శ్రుతికి వాయిస్తాడు.

ప్రభువు మనలను ఏకమనస్సుతో దీవించును గాక. ఆమేన్.