పచ్చికబయలు నేర్పిన పాఠము

కాలికి వేగము పుట్టుకతో రావచ్చును. ఆ వేగమునకు క్రమము నేర్పుటకు మాత్రము గురువు, తోడివారు, తగిన నెలవు కావలయును. ఈ మూడింటిని స్వదేశముననే సమకూర్చుకొనిన జాతికి జమైకా నిదర్శనము.

1962 వఱకు ఆంగ్లేయుల యేలుబడిలో నుండిన యా ద్వీపమున జనసంఖ్య ముప్పది లక్షలకు లోపు. అచ్చటి పాఠశాలల పరుగుపందెములు 1910లో మొదలైనవి. వానిలో మెఱసిన యువకులు చిరకాలము అమెరికా విశ్వవిద్యాలయముల విద్యార్థివేతనములను నమ్ముకొని వలసపోవుచుండిరి. పంట స్వదేశముది, గాదె పరదేశముది!

1999లో స్టీఫెన్ ఫ్రాన్సిస్ అను గురువు మిత్రులతో గూడి కింగ్‌స్టన్ నగరమున ఎం.వీ.పీ. సంఘమును స్థాపించెను. సాంకేతిక విశ్వవిద్యాలయపు పచ్చికబయలే వారి అభ్యాసభూమి. పాఠశాలలో పెద్దపేరు లేని అసఫా పావెల్ ఆ గురువు శిక్షణలో 2005లో ఏథెన్సు నగరమున నూఱు మీటర్లను 9.77 సెకనులలో ముగించి ప్రపంచరికార్డు నెలకొల్పెను. షెల్లీ ఆన్ ఫ్రేజర్ 2008, 2012 ఒలింపిక్సులలో నూఱు మీటర్ల స్వర్ణమును గెలిచెను. గ్లెన్ మిల్స్ నడపిన రేసర్స్ సంఘము అదే నగరమున వారికి పోటీగా నిలిచెను. జమైకాకు స్వాతంత్ర్యము వచ్చి యేబదియేండ్లు నిండిన మూడుదినములకు, 2012 ఆగస్టు 9న, తమ్మేలినవారి రాజధానియగు లండనులో బోల్టు, బ్లేకు, వీర్ ముగ్గురును ఇన్నూఱు మీటర్ల పతకములు మూడింటిని గైకొనిరి. ముగ్గురును మిల్సు శిష్యులే.

ఇందలి మర్మము మంత్రము కాదు. ప్రతిదినము ప్రక్కనే ప్రపంచపు మేటి పరుగెత్తుచుండ, ఏ శిష్యుడు సోమరియై యుండగలడు? ధనము కొఱకు పరుగెత్తుట గౌరవహాని యని కొందఱందురు. ఆకలితో పరుగెత్తుట గౌరవమా యని మే మడుగుచున్నాము. అచ్చట మచ్చ లేదని మే మనము. 2013లో పావెల్ నిషిద్ధద్రవ్య పరీక్షలో పట్టుబడెను. 2014లో శిక్ష ఆఱునెలలకు తగ్గింపబడినను, గురుకులమునకు కావలి యెంత యవసరమో దానివలన తెలిసినది.

ఇక మన సంగతి. విశాఖపట్టణపు బిడ్డ యర్రాజి జ్యోతి 2023లోను 2025లోను ఆసియా పోటీలలో నూఱు మీటర్ల హర్డిల్సు స్వర్ణమును తెచ్చెను. ఆమెకు తుదిమెఱుగు దిద్దినది భువనేశ్వరమందలి శిక్షణాలయము, ఆంగ్లేయుడైన గురువు జేమ్స్ హిల్లియర్. ఒరిస్సా మనకు పరాయిది కాదు. గురువునకు జాతిభేదము లేదు. కాని యామెవలె ఇల్లు విడిచి పోజాలని బిడ్డల గతి యేమి?

పతకము వచ్చిననాడు పూలమాలలు వేయుటకు మనకు పెద్దల కొఱత లేదు. పతకమునకు పదియేండ్ల ముందు ఒక గురువునకు జీతమును, పది మంది పిల్లలకు కడుపునిండ అన్నమును, ఒక మైదానమును ఇచ్చువారే కావలయును. జమైకా పచ్చికబయలుతో ఆరంభించెను. పచ్చికకు మన దేశమున కఱవు లేదు, పూనికకే కఱవు.